ఆర్డరులోంచి దిగిన లైన్‌మన్

నా ఉద్యోగం ఆర్డరు విప్పగానే అందులోంచి ఒకాయన దిగి, చెప్పులు గడప బయట విడిచి, వచ్చి మా మంచం మీద కూర్చుంటాడు.

నలభై ఏళ్ళుంటాయి. ఖాకీ చొక్కా, జేబులో టెస్టరు, మెలితిరిగిన మీసం. కాగితం మడతలు పడి వచ్చింది కాబట్టి ఆయనకు కూడా నడుము దగ్గర ఒకటి, మోకాళ్ళ దగ్గర ఒకటి గీతలు ఉన్నాయి. వాటిని అరచేత్తో సాపు చేసుకుంటున్నాడు.

అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి కొంగు భుజం మీదికి లాక్కుంటుంది.

"ఎవరే ఆయన?"

"నా నౌకరి," అంటాను.

"అట్లనా. చాయ తాగుతడా అడుగు."

తాగుతాడు. చక్కెర కొంచెం ఎక్కువ కావాలంటాడు.

ఆర్డరు నా పేరు మీదే వచ్చింది. కల్లెపు యశోద, ఎర్రకుంట. రాతపరీక్ష రాసింది నేను. ఎనిమిది మీటర్ల స్తంభం ఎక్కి దిగింది కూడా నేనే. కింద నిలబడ్డ సార్లు గడియారాలు చూసుకున్నారు. కాగితంలో నా పేరు కింద పోస్టు పేరు ఇంగ్లీషులో ఉంది. లైన్‌మన్. ఆయన ఆ మాట దగ్గర్నుంచే దిగాడు. ఆ చోట కాగితం ఇంకా కొంచెం గుంత పడి, వెచ్చగా ఉంది.

ఆయనకు వేరే పేరు లేదు. అడిగితే ఆలోచిస్తాడు. పాపం, నిజంగానే ఆలోచిస్తాడు.

"లైన్‌మన్ అంటే పలుకుత. అంతకు మించి నాకెవ్వరు చెప్పలే," అంటాడు.

అమ్మ మంచం ఆయనకు వదిలేసి మా ఇద్దరికీ చాప పరుస్తుంది. ఇంటికొచ్చిన మనిషాయె, కింద ఎట్ల పండవెడతం అంటుంది.

మర్నాడు పొద్దున ఇద్దరం డ్యూటీకి బయల్దేరతాం. స్కూటీ మీద నేను ముందు, ఆయన వెనక. దారిలో కనబడ్డవాళ్ళంతా ఆయనకు నమస్తే పెడతారు.

"కొత్త లైన్‌మన్ వచ్చిండు. మనిషి మంచిగున్నడు."

"బండి నడిపే పిల్లెవరు?"

"కల్లెపు రాజవ్వ బిడ్డ గాదూ? సారుకు తోవ చూపియ్య వచ్చినట్టుంది."

మొదటి స్తంభం దగ్గర ఆయన తలెత్తి పైకి చూసి, మెల్లగా గట్టు మీద కూలబడతాడు.

"నాకు ఎత్తు పడదమ్మా. కండ్లు తిరుగుతయి."

"మరి లైన్‌మన్ ఎట్లయితివన్నా?"

"అయ్యేదేమున్నది? నేను అదే."

బెల్టు బిగించుకుని ఎక్కుతాను.

వారంలో పని పంపకం దానంతటదే జరిగిపోతుంది. ఎక్కేది నేను, పలికేది ఆయన. ఫ్యూజు కట్టి దిగేసరికి రైతులు ఆయన చుట్టూ కూర్చుని ఉంటారు. లేత దోసకాయలు ఆయన ఒళ్ళో పెడతారు. ఆయన అందులో చిన్నది ఏరి నాకిస్తాడు. చెడ్డవాడని మాత్రం చెప్పలేను. మోకాలి దగ్గర గీత ఎక్కువ నడిస్తే నొప్పి పెడుతుందని, అందుకే కూర్చుంటానని అంటాడు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి లైన్ క్లియర్ అడగాలి. అక్కడి ఆపరేటరు ఆ లైనుకు, అంటే ఫీడరుకు, కరెంటు ఆపి, అడిగిందెవరో రిజిస్టరులో ఎక్కించుకుంటాడు. పని అయ్యాక ఆ అడిగినవాళ్ళే ఫోన్ చేసి, అందరం దిగాం, తిరిగి ఇస్తున్నాం అని చెప్పాలి. ఇంకెవరు చెప్పినా కరెంటు వేయకూడదు. మేం దీన్ని ఎల్సీ అంటాం. పైనున్న మనిషి ప్రాణం ఆ ఒక్క వరసలో ఉంటుంది.

మా ఆపరేటరు మొగిలయ్య. ఆయన్ని నేను చూడలేదు, గొంతే తెలుసు.

"ఎర్రకుంట ఫీడర్ ఎల్సీ ఇయ్యన్నా," అంటాను మొదటిసారి.

"లైన్‌మన్‌కు ఇయ్యమ్మా ఫోను."

"నేనే."

"నువ్వు ఆయనింటామెవా?"

"కాదు. నౌకరి నాదే."

"ఏమో తల్లీ. రిజిస్టర్ల లైన్‌మన్ అని అచ్చయి ఉన్నది. ఆయన గొంతింటెనే రాస్త. రేపు ఏదన్నయితే నన్ను పట్టుకుంటరు."

ఫోన్ ఆయనకు ఇస్తాను. "ఆఁ మొగిలీ, నేనే," అంటాడు. ఇద్దరూ ఒక్క బడిలో చదువుకున్నట్టు నవ్వుకుంటారు. అవతల కరెంటు ఆగిన చప్పుడు వినబడుతుంది.

ఒకరోజు తీగ కొస అరచేతిలో దిగితే, సూది వేయించుకోవడానికి దవాఖానకు పోతాను. అక్కడ నర్సు యాకూబన్న. ఇంటర్‌లో మాకు సీనియర్. ఆయన బల్ల వెనక నిలబడి ఉంటే, ఆయన కుర్చీలో తెల్ల టోపీ పెట్టుకున్న ఒకామె కూర్చుని ఉంది. గుండె మీద చిన్న గడియారం తలకిందులుగా తగిలించుకుంది. లోపలికొచ్చిన ప్రతివాళ్ళూ సిస్టర్, సిస్టర్ అంటున్నారు. ఆమె తల ఊపుతోంది. సూదులు యాకూబన్న వేస్తున్నాడు.

"ఈమె కూడ ఆర్డర్లోంచేనా అన్నా?"

"ఆరేండ్లాయె చెల్లె. సిస్టర్ అంటే నేను పలికితిననుకో, నవ్వుతరు. పలుకకపోతే తిడుతరు. ఇగ ఆమె ఉండుడే నయమనుకున్న. పిల్లను చూడబోతే ఎంబడి వచ్చింది. పిల్ల తండ్రి గంటసేపు ఆమెతోనే మాట్లాడిండు."

"కుదిరిందా మరి?"

"ఏం కుదురుడు? ఈమెకు ఎక్కడన్న సంబంధం చూడమంటవా అని నన్నే అడిగిండు."

నా చేతికి పట్టీ వేస్తూ గొంతు తగ్గిస్తాడు.

"ఒక్కటి చెప్త, యాదికుంచుకో. కుర్చీ ఇయ్యి, పేరు ఇయ్యి, చాయ ఇయ్యి. మందు మాత్రం చేతికియ్యకు. ఒకనాడు నేను చెయ్యి కడుక్కునొచ్చేదాంక ఓ ముసలాయన తన చీటి ఆమె చేతుల వెట్టిండు. నాకు రాదు అని చెప్పుడు ఆమెకు రాదు. నవ్వుకుంటనే సీసా మూత తీసింది. నేను ఉరికొచ్చి గుంజుకున్న."

"నా పనిల మందులు లేవు కదన్నా."

"ఉన్నది. ఫోను."

ఆయన చెప్పాక నాకు అన్నం సయించదు. ఆర్డరు పట్టుకుని జిల్లా ఆఫీసుకు పోతాను. పోస్టు పేరు మార్చండి, అదొక్కటి మారిస్తే చాలంటాను. క్లర్కు మంచివాడే. మార్చుడు ఎంతసేపు అంటూ బీరువాలోంచి ఇంకో కాగితం తీసి విప్పుతాడు.

అందులోంచి ఒకామె దిగుతుంది. గంజి పెట్టిన నూలు చీర, చేతిలో మడిచిన గొడుగు, కళ్ళద్దాలకు గొలుసు. ఇంగ్లీషులో ఏదో అని నాకు చెయ్యి కలుపుతుంది. చెయ్యి బీరువా రేకంత చల్లగా ఉంది.

"ఈమె లైన్‌ఉమన్. ఆడోళ్ళొస్తే ఇయ్యమని పైనుంచి పంపిన్రు. ఎనిమిదేండ్ల నుంచి ఈ బీరువలనే ఉన్నది."

"స్తంభం ఎక్కుతదా?"

"అగో, చీర మీద ఎట్ల ఎక్కుతది?" క్లర్కు నన్ను వింతగా చూస్తాడు. "ఈమెది సన్మానాల డ్యూటీ. మహిళా దినం నాడు బయటికి తీసి శాలువ కప్పి మళ్ల లోపల వెడతం."

ఇంకొకటి కొత్తగా వచ్చిందని మూడో కాగితం విప్పుతాడు. లైన్‌పర్సన్. దాంట్లోంచి ఎవరూ దిగరు. పక్కనున్న ఖాళీ కుర్చీ మాత్రం ఎవరో కూర్చున్నట్టు కిర్రుమంటుంది.

"ఆడనా, మొగనా?"

"అదే తెల్వకుంట చేసిన్రు."

"పిలిస్తే పలుకుతదా?"

"ఇప్పటిదాంక పలుకలే."

"నేనున్న కాగితం లేదా సార్?"

ఆయన నిజాయితీగా వెతుకుతాడు. కింది అరలో, ఫైళ్ళ వెనక, బీరువా మీద. దుమ్ము దులుపుకుంటూ వచ్చి, అసొంటిది అచ్చెయ్యలే అమ్మా అంటాడు. బయట లైన్‌మన్ నా హెల్మెట్ పట్టుకుని స్కూటీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఎండకు కాలకుండా సీటు మీద తన కర్చీఫ్ పరిచాడు.

జూలై నడుస్తోంది, వాన లేదు. గాలిదుమారానికి పొలాల మీది పెద్ద లైనులో నడిమి తీగ అతుకు ఊడిపోయింది. మోటార్లు ఆగి మూడు రోజులు. రైతు కొమురయ్య నారుమడి పసుపు పచ్చబడింది. పొద్దున్నే ఇంజనీరు సారు ఫోన్ చేసి లైన్‌మన్‌తో మాట్లాడతాడు.

"ఏమన్నడు?" అని అడుగుతాను.

"పన్నెండింటికల్ల లైను నిలబడాలన్నడు. లేకుంటే ఆ పిల్లకు ఈ పోస్టు సరిపడలేదని రాస్తనన్నడు." మీసం నిమురుకుంటాడు. "నన్నయితే ఏమనలే."

నలభై ఏడో స్తంభం దగ్గర, పొలం గట్టు మీద ఆయన ఎల్సీ తీసుకుంటాడు. నా ఫోన్ ఆయన చేతిలోనే పెట్టాలి, వేరే దారి లేదు. అందుకే అమ్మ ఫోను తెచ్చి నా జేబులో పెట్టుకున్నాను.

"అన్నా, నేను కిందికొచ్చి నీ భుజం మీద చెయ్యేసేదాంక మొగిలయ్యకు ఫోన్ చేయొద్దు."

"సరే," అంటాడు. మనసులో ఏదీ దాచుకోకుండా అంటాడు.

ఎక్కుతాను. పైన గాలి ఉంది. బెల్టు కట్టి, తీగ కొస ఎడమచేత్తో లాగి పట్టుకుంటాను. కింద కొమురయ్య వచ్చి లైన్‌మన్ పక్కన నిలబడతాడు.

"అయిపోయినట్టేనా సార్?" అని అడుగుతాడు. ఊరికే అడుగుతాడు. మూడు రోజులుగా అందరినీ అదే అడుగుతున్నాడు.

లైన్‌మన్ మొహం చూస్తాను. లేదు అనే మాట కోసం వెతుకుతున్నాడు. ఆర్డరులో అది లేదు.

"అయిపోయింది," అంటాడు. ఫోన్ చెవికి పెట్టుకుంటాడు. "మొగిలీ, అందరం దిగినం. ఎల్సీ తిరిగిస్తున్న."

"నేను పైనున్న!" అని అరుస్తాను.

కొమురయ్య చేత్తో ఆగమని సైగ చేస్తాడు. "ఆగు బిడ్డా, సారు ఫోన్ల మాట్లాడుతుండు."

"అన్నా, పైకి చూడు!"

లైన్‌మన్ చూడడు. కళ్ళు తిరుగుతాయని కాదు. "లైన్‌మన్ కిందనే ఉన్నడు గద," అని కొమురయ్యకు నచ్చజెబుతున్నాడు. "ఇంక పైన ఎవరుంటరు?"

సబ్‌స్టేషన్ నుంచి కరెంటు బయల్దేరడం నాకు కనబడుతోంది. మామూలు రోజుల్లో కనబడదు. ఎండ ఎక్కువగా ఉండడం వల్ల స్తంభం స్తంభానికీ ఆగి, ఊపిరి పీల్చుకుని, నంబరు చదువుకుని వస్తోంది. పండిన నిమ్మకాయ రంగులో ఉంది. బెల్టు కొక్కెం విప్పబోతాను. రాదు. బెల్టు ఆయన పేరు మీద ఇచ్చింది.

అమ్మ ఫోను తీసి మొగిలయ్యకు కలుపుతాను.

"కరెంటు ఆపన్నా. నేను స్తంభం మీదున్న."

"ఎల్సీ తిరిగొచ్చిందమ్మా. లైన్‌మనే చెప్పిండు. నువ్వెవరు?"

"యశోదను."

పేజీలు తిప్పుతున్నాడు. కరెంటు ఇరవయ్యో స్తంభం దాటింది.

"యశోద ఎక్కినట్టు లేదిక్కడ. ఎక్కనోళ్ళను నేనెట్ల దించాలె?"

"లైన్‌మన్‌ను నేనే అన్నా!"

"ఆయన దిగిండు. దిగినాయన పైనెట్లుంటడు? ఫోన్ల ఇసొంటి పరాచికాలు వద్దమ్మా."

ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. తీగ నా చేతిలో సన్నగా వణుకుతోంది. నేనెవరో చెప్పడానికి నా దగ్గరున్న మాటలు రెండే, రెండూ అయిపోయాయి. నేనెక్కడున్నానో మాత్రం నాకు బాగా తెలుసు.

"నా పేరు వద్దన్నా. రాసుకో. ఎర్రకుంట ఫీడర్. నలభై ఏడో స్తంభం. నడిమి తీగ. కొస ఎడమచేతిలున్నది, పటకారు కుడిచేతిలున్నది. ఇక్కడ ఎల్సీ కావాలె."

"ఎవరికి?"

"నలభై ఏడుకు."

మొగిలయ్య ఆలోచిస్తాడు. నలభై ఐదు. నలభై ఆరు.

"నలభై ఏడా," అంటాడు. "రాయొచ్చు. అది మా లిస్టులున్నది."

స్విచ్ పడిన చప్పుడు. కరెంటు నా వైపు చాచిన కాలు వెనక్కి తీసుకుని, కొంచెం మొహమాటంగా వచ్చిన దారినే పోతుంది.

స్తంభాన్ని ఒకసారి గట్టిగా కౌగిలించుకుంటాను. తర్వాత పని పూర్తి చేస్తాను. పన్నెండుకు పది నిమిషాలుంది.

"అయిపోయిందన్నా. ఎల్సీ తిరిగిస్తున్న."

"నీ పేరు మీద లేదమ్మా. నలభై ఏడు తీసుకున్నది, నలభై ఏడే ఇయ్యాలె."

"స్తంభం మాట్లాడదు."

"అయితే వచ్చి సంతకం పెట్టుమను."

ఆ మాట స్తంభానికి చెబుతాను. అది నేలలోంచి ఒక కాలు పైకి తీస్తుంది. మట్టి దులుపుకుని రెండోది తీస్తుంది. నన్ను మోసుకుంటూ గట్టు మీద నడవడం మొదలుపెడుతుంది.

తీగలు బిగుసుకుంటాయి. వెనక నలభై ఎనిమిది లేస్తుంది, నలభై తొమ్మిది లేస్తుంది. వాటికి కట్టిన మోటార్లు, మోటార్ల వెంట పైపులు, పైపుల వెంట బావులు. బావులు గోతుల్లోంచి ఊడి, గాజు గ్లాసుల్లా నిటారుగా వస్తున్నాయి. గట్టు ఎక్కేచోట కాస్త తొణికి, నీళ్ళు కొమురయ్య నారుమడిలో పడతాయి. కొమురయ్య పరుగెత్తి మడికి గండి ఉందేమోనని చూసుకుంటున్నాడు. లేదు. నీళ్ళు నిలిచాయి.

ఆ వెనక ఊరు. ప్రతి ఇంటికీ ఒక తీగ ఉంది కాబట్టి ప్రతి ఇల్లూ వస్తోంది. మా ఇంటి గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది.

"బిడ్డా, పొయ్యి మీద పాలున్నయి! మెల్లగ నడిపియ్యి!"

లైన్‌మన్ ఏ తీగకూ కట్టి లేడు. ఊరున్న చోట ఆయన ఒక్కడే నిలబడి ఉన్నాడు. చెయ్యి ఊపుతాడు. నేనూ ఊపుతాను. నాకు ఆయన మీద కోపం లేదు, కానీ ఆగను.

సబ్‌స్టేషన్ గేటు దగ్గర మొగిలయ్య రిజిస్టరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పొట్టి మనిషి, చెవుల మీద తెల్ల వెంట్రుకలు. స్తంభం ఆయన ముందు ఆగి, కొత్తచోట కాళ్ళు దించుకుంటుంది. ఆయన పెన్ను చాస్తాడు. స్తంభానికి చేతులు లేవు. చేతుల కోసం వెతుకుతూ తలెత్తిన మొగిలయ్యకు నేను కనబడతాను.

"నువ్వెప్పుడెక్కినవు?"

"పొద్దుగాల."

"మరి చెప్పవేందమ్మా?"

చెప్పానని అనను. ఆయన అచ్చు గీతల కింద, ఖాళీ చోట, చేత్తో ఇంకో గీత గీస్తాడు. నా పేరు అడిగి, అక్షరం అక్షరం పలుకుతూ రాస్తాడు. రాయడం అవగానే బెల్టు కొక్కెం దానంతటదే వదులవుతుంది.

"ఇగ దిగు, యశోదమ్మా. నేల మీద కాలు వెట్టి నాకు చెప్పు. నువ్వు చెప్తెనే వేస్త."

దిగుతున్నాను. ఎనిమిది మీటర్ల స్తంభం. ఎనిమిది మీటర్లు దిగాక స్తంభం ఇంకా కిందికి ఉంది, కాబట్టి ఇంకా దిగుతాను. గడ్డి వేళ్ళు, ఎర్రమట్టి, మొరం, చల్లటి రాయి. కాలికి నేల తగిలేసరికి నేనొక పొడవాటి గదిలో ఉన్నాను. పైకప్పులోంచి బావుల అడుగులు వేలాడుతున్నాయి. చుక్క కారడం లేదు.

గదిలో వరసలుగా ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. నాటు వేసేటప్పటి వరసల్లా, చివర కనబడనంత దూరం. కొందరికి ఖాకీ బట్టలు, కొందరికి చీరలు, ఒకామె నడుముకు తాడు. ప్రతి ఒక్కరి చేతిలో ఒక తీగ కొస ఉంది. ఎవరూ వదలడం లేదు.

"కిందికి చేరినవా?" అని ఫోన్లో మొగిలయ్య అడుగుతున్నాడు. "వెయ్యమంటవా?"

"వెయ్యకన్నా," అంటాను. "ఇంకా ఉన్నరు, రిజిస్టర్ల ఎక్కనోళ్ళు. రాసుకో."

"ఎందరు?"

లెక్క చెప్పను. ముందు వరసలో ఉన్న ముసలామె దగ్గర కూర్చుంటాను. ఆమె తీగను వేళ్ళ మధ్య సర్దుకుని, చాలాకాలం వాడని గొంతును ఒకసారి సవరించుకుని, తన పేరు చెబుతుంది. నేను పైకి చెబుతాను. మొగిలయ్య పలుకుతూ రాస్తాడు. ఆమె చేతిలో తీగ నెమ్మదిగా వదులై ఒళ్ళో పడుతుంది. రెండో ఆమె దగ్గరికి జరుగుతాను. పైన ఊరంతా, ఇళ్ళూ గొడ్లూ పొయ్యి మీది పాలతో సహా, కాళ్ళు ముడుచుకుని, గుడ్ల మీద కోడి సర్దుకున్నట్టు, అటూ ఇటూ కదిలి మెల్లగా మా మీద కూర్చుంటోంది.